బర్మా నుంచి వచ్చిన కుటుంబం, పౌరసత్వం, వార్డు ఓటు: నాన్నగారి కాగితం కంటే ముందు అమ్మగారి పుట్టిన తేదీ చూడండి

ప్రశ్న అడిగినావిడ చాలా వివరంగా రాశారు. మిగతావాళ్ల కోసం కుదించి చెప్తాను. వాళ్లది విశాఖలో కంచరపాలెం వైపు స్థిరపడిన బర్మా కాందిశీకుల కుటుంబం. తాతగారు 1964లో రంగూన్ నుంచి ఓడలో వచ్చారు. నాన్నగారు 1959లో రంగూన్‌లోనే పుట్టారు, ఇక్కడ దిగేసరికి ఐదేళ్లు. అమ్మగారు 1966లో విశాఖలో పుట్టారు. ఈవిడ పుట్టింది 1991లో. భర్తది విజయనగరం. ఇద్దరు పిల్లలూ 2013 తరువాత పుట్టారు.

ఇప్పుడు వాళ్ల వీధిలో ఒక పెద్దమనిషి బయల్దేరాడట. "మన బర్మావాళ్లకి పౌరసత్వం కాగితం లేదు, ఓట్లు తీసేస్తారు, అందరం కలిసి అప్లై చేద్దాం, ఒకే మాట మీద ఉంటే నాయకులతో నేను మాట్లాడతాను" అని చెప్పి ఇంటికి 2 వేలు వసూలు చేస్తున్నాడట. ఇదిలా ఉండగా లీసెస్టర్‌లో చదువుతున్న తమ్ముడు ఫోన్ చేసి, 2024 జూలైలో అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో స్టూడెంట్ వీసా మీదే ఓటేశానన్నాడట. వాడు వెళ్లిన ఏడాదికే ఓటరయ్యాడు, మాకు అరవై ఏళ్ల తరువాత కూడా అనుమానమేనా అని ఈవిడ టెన్షన్.

సూటిగా చెప్తాను. మీరు పౌరులే, మీ పిల్లలూ పౌరులే. పౌరసత్వం కోసం దేనికీ అప్లై చేయకండి. ఆ 2 వేలు ఇవ్వకండి. మీ నాన్నగారి విషయం ఒక్కటే కాస్త వెతికి చూడాలి. అది కూడా మీ ఓటుకి అడ్డం వచ్చేది కాదు.

నేను రెవెన్యూలో ముప్పై ఏళ్లు చేసి డిప్యూటీ తహశీల్దారుగా రిటైరయ్యాను. అందులో చాలాకాలం ఎన్నికల డీటీగా ఓటర్ల జాబితాలతోనే కాపురం. కాందిశీకుల కుటుంబాల కాగితాలు ఎన్ని చూశానో లెక్క లేదు. లాయర్ని కాను, కాబట్టి కోర్టు దాకా వెళ్లాల్సిన వ్యవహారం ఉంటే లాయర్ని చూసుకోండి. అయితే నూటికి తొంభై కేసులు కోర్టు దాకా పోనక్కర్లేనివే అని నా అనుభవం.

ఇప్పుడు కారణం. మన పౌరసత్వ చట్టం 1955 నాటిది. పుట్టుకతో వచ్చే పౌరసత్వానికి అందులో మూడు కాలాలున్నాయి. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఈ దేశంలో పుట్టినవాళ్లు, తల్లిదండ్రులు ఏ దేశంవాళ్లైనా సరే, పౌరులే. విదేశీ దౌత్యాధికారుల పిల్లల్లాంటి మినహాయింపులు ఒకటి రెండున్నాయి, మనకి సంబంధం లేనివి. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబరు 2 దాకా పుట్టినవాళ్లకి తల్లీ తండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలు. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టిన పిల్లలకి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి.

దీన్ని మీ ఇంటికి పెట్టి చూడండి. మీ అమ్మగారు 1966లో విశాఖలో పుట్టారు. వాళ్ల అమ్మానాన్నలు ఎక్కణ్నుంచి వచ్చారన్నది చట్టం అడగదు. ఆవిడ పౌరురాలు. మీరు 1991లో పుట్టారు, తల్లి పౌరురాలు కాబట్టి మీరూ పౌరులే. మీవారు ఇక్కడివారే కాబట్టి మీ పిల్లలకి ఇద్దరూ పౌరులే. ఈ గొలుసులో మీ నాన్నగారి కాగితం అవసరం ఎక్కడా పడలేదు, గమనించారా?

నేను చూసిన ప్రతి ఇంట్లోనూ ఇదే పొరపాటు. ఇంటిల్లిపాదీ తాతగారి ట్రంకుపెట్టె బోర్లించి రంగూన్ కాగితాల కోసం వెతుకుతారు. అమ్మ పక్క గదిలోనే కూర్చుని ఉంటుంది, ఆవిణ్ని ఎవరూ అడగరు. ఇంటిపేరు నాన్నది, కాలనీ పేరు బర్మా, కాబట్టి ఊరూ అధికారీ నాయకుడూ అందరూ మగవైపు నుంచే లెక్కేస్తారు. చట్టం మాత్రం తల్లినీ తండ్రినీ ఒకే గీతలో రాసింది.

కాబట్టి మీరు సంపాదించాల్సిన మొదటి కాగితం అమ్మగారి పుట్టుక ఆధారం. ఇక్కడే అసలు తిప్పలు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, అమ్మగారు అంతకు ముందే పుట్టారు. అయినా నగరంలో మునిసిపాలిటీ రిజిస్టర్లు అంతకు ముందూ ఉండేవి. ఆవిడ కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్)లోనో, వన్ టౌన్ ఘోషా ఆసుపత్రిలోనో పుట్టి ఉంటే జీవీఎంసీ (విశాఖ నగర కార్పొరేషన్) పాత రిజిస్టర్లలో ఎంట్రీ దొరికే అవకాశం ఉంది. పేరు ఉండదు, "ఆడ శిశువు" అని, తండ్రి పేరు, వీధి పేరు ఉంటాయి. బర్మా పేర్లతో ఇంకో ముచ్చట: రంగూన్‌లో అలవాటైన పేరు ఒకటి, ఇక్కడ బడిలో రాయించింది ఇంకొకటి. రెండూ రాసి వెతకమని అడగండి. ఇంట్లోనే పుట్టి ఉంటే బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు, పదో తరగతి చదివుంటే ఆ సర్టిఫికెట్ చూడండి. ఏవీ లేకపోతే ఆలస్యపు నమోదు ఉంది. ఏడాది దాటిన వాటికి ఇదివరకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఆర్డరు కావాల్సి వచ్చేది. 2023 సవరణతో అది జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా వాళ్లు అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు చేతికి వచ్చింది. కోర్టు చుట్టూ తిరిగే పని తప్పింది, ఆఫీసు చుట్టూ తిరిగే పని మాత్రం మిగిలింది.

నాన్నగారి సంగతి. ఆయన బయట పుట్టారు కాబట్టి తాతగారి స్థితి మీద ఆధారపడి ఉంటుంది. రాజ్యాంగం 8వ అధికరణం కింద, విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్లు అక్కడి మన రాయబార కార్యాలయంలో పౌరులుగా నమోదు చేయించుకోవచ్చు. తాతగారు అలా నమోదై, 1959కి ముందే పౌరుడైతే, నాన్నగారు వారసత్వంగా పౌరుడు. అలా కాకపోతే, ఇక్కడికి వచ్చాక పౌరసత్వ చట్టం 5వ సెక్షన్ కింద నమోదు చేయించుకుని ఉండాలి. అప్పట్లో సంతతివాళ్లకి ఆరు నెలల నివాసం సరిపోయేది. 1986 తరువాత అది ఐదేళ్లు, 2003 సవరణతో ఏడేళ్లు అయింది. ఆ రోజుల్లో కాందిశీకులతో కుటుంబం మొత్తానికి ఒకేసారి రాయించుకున్నవాళ్లు ఉన్నారు, రాయించుకోనివాళ్లూ ఉన్నారు.

ఏం వెతకాలి? తాతగారి పాస్‌పోర్టు (చిన్నపిల్లల పేర్లు అందులోనే రాసేవారు), రంగూన్ ఎంబసీ ఇచ్చిన ఏ కాగితమైనా, కాందిశీకుల గుర్తింపు కార్డు, పునరావాసం కింద ఇచ్చిన అప్పు కాగితం, స్థలం కాగితం. బర్మా, సిలోన్ నుంచి వచ్చినవాళ్ల కోసమే 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. అందులో సభ్యత్వం ఉండి ఉంటే ఆ కాగితంలో కాందిశీకుడన్న సంగతి తప్పకుండా రాసి ఉంటుంది. కాందిశీకుడని రాసినంత మాత్రాన పౌరుడైపోడు, కానీ ఎప్పుడు వచ్చాడో, ఎలా వచ్చాడో దాంతో తేలుతుంది. ఇంట్లో ఏమీ దొరక్కపోతే కలెక్టరేట్ రికార్డ్ రూంకి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి: ఫలానా పేరు, 1964 నుంచి 1975 మధ్య పౌరసత్వ నమోదు రిజిస్టర్ నకలు అని. "రికార్డు లేదు" అని జవాబొచ్చినా ఆ జవాబు పారేయకండి.

ఒక ముసలావిడ గుర్తొస్తోంది. సర్వేకి వెళ్తే బిస్కెట్ డబ్బాలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి, పాత అట్ట ముక్క మీద అతికించి ఉంది. "ఓడ దిగినప్పుడు ఇచ్చిన కాయితం బాబూ, ఇది పోతే మేం మనుషులం కామా ఏటి?" అంది. అది టీకాలు వేసినట్టు ఓడలో ఇచ్చిన సర్టిఫికెట్. నలభై ఏళ్లు దాన్ని పౌరసత్వం కాగితం అనుకుని దాచుకుంది. నేను ఆవిడకి నిజం చెప్పలేదు. ఆవిడ పేరు ఎలాగూ జాబితాలో ఉంది, పిల్లలంతా ఇక్కడ 1970ల్లో పుట్టినవాళ్లే. చెప్పి ఏం లాభం?

ఆ భయానికి కారణం లేకపోలేదు. బర్మాలో మనవాళ్లని "కొరంగీలు" అనేవారు, కోరంగి రేవు నుంచి ఓడెక్కారని. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె ముగిసి మనవాళ్లు తిరిగి పనిలోకి రాగానే కొట్లాట మొదలై ఊరంతా పాకింది. 1931 లెక్కల్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. ఊరు నిండా ఉన్నా ఆ ఊరు వాళ్లది కాలేదు. 1962లో సైన్యాధిపతి నె విన్ అధికారంలోకి వచ్చాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేశారు. మీ తాతగారు ఆ ఏడాదే ఎందుకు వచ్చారో మీకు తెలిసే ఉంటుంది. తరువాత 1982లో అక్కడ వచ్చిన పౌరసత్వ చట్టం, 1823కి ముందు ఆ గడ్డ మీద స్థిరపడ్డ జాతులా కాదా అని అడుగుతుంది. అలాంటి చోటు నుంచి వచ్చినవాళ్లకి కాగితం అంటే ప్రాణం. ఆ ప్రాణం మీదే ఇప్పుడు ఇంటికి 2 వేలు.

అప్లై ఎందుకు చేయొద్దన్నాను. 5వ సెక్షన్ ఇంకా పౌరులు కానివాళ్ల కోసం. దాని కింద దరఖాస్తు పెట్టారంటే "నేను పౌరుణ్ని కాను, చేసుకోండి" అని మీ సంతకంతో మీరే రాసిచ్చినట్టు. మర్రిపాలెం కుర్రాడొకడు 1979లో ఇక్కడే పుట్టాడు, చట్టం ప్రకారం నిక్షేపంలాంటి పౌరుడు. ఇలాగే ఒక పెద్దమనిషి మాట విని గుంపులో దరఖాస్తు పెట్టాడు. రెండేళ్ల తరువాత గల్ఫ్ ఉద్యోగం వచ్చి పాస్‌పోర్టుకి వెళ్తే ఒక ఆఫీసులో ఆ పాత దరఖాస్తు బయటపడింది. "నువ్వే కాదన్నావు కదా" అన్నారు. పుట్టిన సర్టిఫికెట్, బడి రికార్డు అన్నీ పెట్టి సరిచేసుకునేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ఉద్యోగం ఎవరి కోసం ఆగుతుంది?

మీ నాన్నగారి విషయంలో నిజంగానే ఏ ఆధారమూ దొరక్కపోతే, అప్పుడు లాయర్ని పెట్టుకుని ఆయన ఒక్కరి గురించే ఆలోచించండి. రెండు దారులు. ఒకటి ఆ 5వ సెక్షనే. రెండోది చాలామందికి తెలియనిది, 13వ సెక్షన్: పౌరసత్వం మీద అనుమానం ఉన్నప్పుడు, ఉందని కేంద్రం సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. పౌరుణ్ని అని నమ్మేవాడికి ఈ రెండోదే మర్యాదైన దారి. 2019 పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ) మీకు పనికిరాదు. అది పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన కొన్ని మతాలవాళ్లకే. బర్మా, శ్రీలంక అందులో లేవు. మీ పెద్దమనిషి "సీఏఏ కింద చేయిస్తా" అంటే ఆ మూడు దేశాల పేర్లు చెప్పమనండి.

ఇంకో సంగతి. "పౌరసత్వం కార్డు" అనేది ఈ దేశంలో అందరికీ ఇచ్చేది ఏదీ లేదు. ఆధార్ ఉండటం పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షన్‌లోనే ఉంది. అది నివాసికి ఇచ్చేది, ఇక్కడుండే విదేశీయుడికీ వస్తుంది. ముంబై దాడుల తరువాత తీర గ్రామాల్లో రెసిడెంట్ కార్డులు పంచితే మన మత్స్యకారులు కొందరు వాటిని పౌరసత్వం కార్డులనే అనుకున్నారు. అవీ కావు. పాస్‌పోర్టు బలమైన ఆధారం, వీలైతే ఇంట్లో అందరూ తీసుకోండి.

ఇక ఓటు. తీసేస్తారన్న భయం. జాబితాలో ఇప్పటికే ఉన్న పేరు తీయాలంటే నోటీసివ్వాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: అప్పటికే ఓటరుగా ఉన్నవాళ్లని పౌరులు కాదన్న అనుమానంతో గంపగుత్తగా తీసేయడం కుదరదు. పాత నమోదుకి విలువివ్వాలి, విచారణ సక్రమంగా జరగాలి. తీసేస్తే 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకి అప్పీలు. అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. నోటీసు తీసుకోకుండా తలుపేసుకోవడం మాత్రం చేయకండి. నేను డీటీగా ఉన్నప్పుడు పోయిన ఓట్లలో సగం ఇలా పోయినవే.

ఓట్లు తీసేయించేది ఫారం-7. ఎన్నికల ముందు మా టేబుల్ మీదకి అవి కట్టలు కట్టలుగా వచ్చేవి, ఒకే చేతిరాతతో. ఒకసారి ఒక కాలనీ మీద అలా వచ్చిన కట్టలో, ఫిర్యాదు చేసినట్టు సంతకం ఉన్న మనిషిని పిలిపిస్తే, "నేను సంతకమే పెట్టలేదు సార్, నా ఓటే పోయిందేమో చూడండి" అన్నాడు. అబద్ధపు డిక్లరేషన్‌కి ఏడాది దాకా జైలు ఉందని చట్టంలో ఉంది. ఆ సెక్షన్ చదివి వినిపిస్తే కట్ట తెచ్చినాయన మళ్లీ కనపడలేదు.

"మనవాళ్లంతా ఒకే మాట మీద" అన్నది వేరే కథ. విశాఖలో ఇది కొత్త కాదు, మీ ఒక్క కాలనీదీ కాదు. రేవు, నేవీ, స్టీల్ ప్లాంటు మూడూ కలిసి ఈ ఊరిని వలసల ఊరిగా చేశాయి. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లకి ఒక సంఘం, ఒడియావాళ్లకి ఒకటి, బెంగాలీలకి, మార్వాడీలకి, గోదావరి జిల్లాలవాళ్లకి వేర్వేరుగా. పండగ, పెళ్లి సంబంధం, చావు ఖర్చు ఇవన్నీ సంఘమే చూసుకుంటుంది, మంచిదే. కానీ 2012 నుంచి 2021 దాకా జీవీఎంసీకి ఎన్నికలే జరగలేదు, తొమ్మిదేళ్లు కార్పొరేటర్లు లేరు. కుళాయి రాకపోతే, కాలువ నిండితే అడగడానికి గెలిచిన మనిషి లేడు. ఆ ఖాళీలో సంఘం పెద్దలు ఆఫీసులకీ కాలనీకీ మధ్య మనుషులయ్యారు. మా ఆఫీసుకి రోజూ వచ్చేవాళ్లలో చాలామంది మంచివాళ్లే. కొందరికి మాత్రం ఆ తొమ్మిదేళ్లలో రుచి తగిలింది. ఎన్నికలొచ్చి 98 వార్డులయ్యాక కూడా "నా చేతిలో ఇన్ని ఓట్లు" అనే లెక్క వదల్లేదు. ఆ లెక్క నిలవాలంటే మీరు ఎప్పటికీ అనుమానంలో ఉన్న గుంపుగానే ఉండాలి. నిశ్చింతగా ఉన్న పౌరురాలు ఆయన చెప్పినవాడికే ఓటేయాలని ఏముంది?

విచిత్రం చూడండి. లోక్‌సభకి పోటీ చేయాలంటే దేశంలో ఎక్కడ ఓటరైనా సరిపోతుంది. నెల్లూరు నుంచి వచ్చిన సుబ్బరామిరెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి మన విశాఖ ఎంపీలయ్యారు, ఎవరూ కాగితం అడగలేదు. బర్మా క్యాంపులో పుట్టి పెరిగిన మనిషి కార్పొరేటర్‌గా నిలబడితే మాత్రం "వాళ్లు బయటివాళ్లు కదా" అన్న మాట నేను నా చెవులతో విన్నాను. అన్నవాడిది కూడా ఈ ఊరు కాదు, పాతికేళ్ల కింద తుని నుంచి వచ్చాడు.

పౌరసత్వాన్ని రెండు వేరే వాటితో కలిపి గందరగోళం చేస్తారు, విడదీసి పెట్టుకోండి. ఒకటి స్థానికత. 371-డి అధికరణం కింద చదువులకి, ఉద్యోగాలకి ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి లోకల్ అవుతారు, దానికీ పౌరసత్వానికీ సంబంధం లేదు. రెండోది కులం సర్టిఫికెట్. బర్మా అనేది కులం కాదు, మీ కాలనీలోనే పది కులాలుంటాయి. దేశం లోపల రాష్ట్రం మారినవాళ్లకే ఇది చిక్కు. తెనాలిలో పుట్టి బొంబాయి వెళ్లిన కుర్రాడికి అక్కడ ఎస్టీ రిజర్వేషన్ వర్తించదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడి ఒడియా కుటుంబాలు ఎదుర్కొనేదీ ఇదే. పౌరసత్వానికి ఏ లోటూ లేదు, కానీ సర్టిఫికెట్ రాదు.

ఒక జాగ్రత్త, మీకు కాదు, ఇది చదివే మిగతావాళ్లకి. మన ఊళ్లో మర్చంట్ నేవీ వాళ్లు చాలామంది. ఒకాయన విదేశీ అమ్మాయిని పెళ్లి చేసుకుని ఇక్కడికే తెచ్చాడు. ఆవిడ వీసా ముగిసిపోయినా పొడిగించుకోకుండా ఉండగా 2010లో బిడ్డ పుట్టింది. సరైన వీసాతో వచ్చినా గడువు దాటి ఉంటే చట్టం దృష్టిలో అక్రమ వలసదారే. తండ్రి పౌరుడైనా ఆ బిడ్డ పౌరసత్వం చిక్కులో పడింది. 2004 డిసెంబరు తరువాత పుట్టిన పిల్లలకి వీసా తేదీలు ముఖ్యం.

మీ తమ్ముడి మాట నిజమే. బ్రిటన్‌లో నివాసముండే కామన్వెల్త్ దేశాల పౌరులకి పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటుంది, పాత సామ్రాజ్యం మిగిల్చిన లెక్క. అక్కడ అతనికి ఓటు ఉన్నది మన దేశం పౌరుడు కాబట్టే, అది కూడా చెప్పండి. వాళ్ల ఫ్రెండ్స్ అమెరికాలో ఎవరైనా ఉంటే మాత్రం ఇలా ఉత్సాహపడొద్దని చెప్పమనండి. అక్కడ గ్రీన్‌కార్డుతో ఫెడరల్ ఎన్నికల్లో ఓటేస్తే నేరం, దేశం నుంచి పంపేసే దాకా పోతుంది.

ఇప్పటికి మీ పని: ఈ వారంలో అమ్మగారిని కూర్చోబెట్టి ఎక్కడ పుట్టారు, ఏ బడిలో చేరారు అని అడిగి రాసుకోండి. జీవీఎంసీలో రిజిస్టర్ వెతికించండి. ఆ తరువాత నాన్నగారి పెట్టె. అందులో ఏ కాగితం దొరికినా నంబర్లు, పేర్లు కప్పేసి ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. బర్మా లిపిలో ఉంటే నాకు రాదు, మీ వీధిలో చదవగల పెద్దవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, వాళ్లతో చదివించి పెట్టండి.